చిల్లు పూడ్చిన గిన్నె

కనకవల్లి గారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. ఆ సంగతి తెలియక, చేరిన మొదటి నెలలోనే నేనొక ప్రశ్న అడిగాను. "అమ్మగారూ, కర్టెను రంగు గోడను బట్టి ఎంచుకోవాలా, సోఫాను బట్టి ఎంచుకోవాలా?" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, తన బీరువాలోని పాత చీరలన్నీ కిందకి దింపించారు. ప్రతి చీరనూ ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి, ట్యూబులైటు కింద ఒకసారి విప్పి మడతపెట్టమన్నారు. నాలుగు రోజులు మడతపెట్టాను. ఆ తరవాత ఆ ప్రశ్న మళ్ళీ అడగాల్సిన అవసరమూ కలగలేదు, ఇంకొకటి అడిగే ధైర్యమూ మిగల్లేదు.

ఆవిడ కాకినాడలో ఒక ఆడపిల్లల బడిలో డ్రాయింగు టీచరుగా పనిచేసి, మానేసి, ముప్పై ఏళ్ళుగా ఇళ్ళు సర్దుతున్నారు. సర్దడం అన్నది ఆవిడ మాటే. ఎవరైనా "ఇంటీరియర్ డిజైనర్ గారు" అని పరిచయం చేస్తే, వెనకాల ఎవరొచ్చారా అని తిరిగి చూసేవారు. ఎవరింటికి వెళ్ళినా అటకమీది సామానూ, నిన్న బజార్లో కొన్న సామానూ కలగాపులగంగా ముందు పోసేవారు. నాయనమ్మ గంధపు గిన్నె ఒకటి, ఆన్‌లైన్లో తెప్పించిన గాజు గిన్నె ఒకటి, ఏటికొప్పాక లక్క భరిణె ఒకటి. ఆవిడ టేపుతో కొలిచేవారు కాదు, కాయితం మీద గీసేవారు కాదు. ఒక గిన్నె చేతిలోకి తీసుకుని కాసేపు అలా నిలబడి, ఎక్కడో ఒకచోట పెట్టేవారు. అంతవరకూ సంతలా ఉన్న గది ఒక్కసారిగా కుదురుకునేది. ఎన్నిసార్లు చూసినా నాకు అది గారడీలాగే ఉండేది.

ఆవిడ దగ్గర నాతోపాటు నేర్చుకున్న పిల్ల కౌముది. హైదరాబాదులో రెండేళ్ళ డిప్లమా చేసి వచ్చింది. చురుకైనది, కష్టపడుతుంది, చేసినదాన్ని సమర్థించుకోవడమూ తెలుసు. రెండేళ్ళ తరవాత అమ్మగారు ఒక ఇల్లు పూర్తిగా దానికే వదిలేశారు. అది రమణయ్యపేటలో పళ్ళ డాక్టరు సూర్యప్రభ గారు కొత్తగా కట్టుకున్న ఇల్లు. ఆరు వారాల్లో ముగించి చూడ్డానికి మమ్మల్ని పిలిచింది. అమ్మగారికి ఆ రోజు వీలుపడలేదు. నేను వెళ్ళాను. దాపరికమెందుకు, నాకు కడుపు మండింది. అంత బావుంది.

హాల్లో ఒక గోడ పొడుగునా చెక్క అర. దానిమీద పాతవీ కొత్తవీ భుజం భుజం రాసుకుంటూ కూచున్నాయి. ఎవరో కుర్రకుమ్మరి చేసిన సముద్రపు రంగు మట్టిగిన్నె పక్కన బుడితి కంచుచెంబు, దాని పక్కన పన్నీరుబుడ్డి. ఒక మూల ఇత్తడి గంగాళంలో ప్లాస్టిక్ వెదురు చెట్టు. ఎదుటి గోడమీద అంకెల్లేని గడియారం. టైమెంతయిందో తెలుసుకోవాలంటే ఆ గడియారం కింద నిలబడి ఫోను చూసుకోవాలి, అదే ఇప్పటి ఫ్యాషను. అన్నిటికీ నడుమ, టీపాయి మీద, ఒక పల్చటి రాగిగిన్నె. రెండు దోసిళ్ళు కలిపినంత వెడల్పు, తళతళా మెరుస్తోంది. దాన్నిండా నీళ్ళు, నీళ్ళమీద గులాబి రేకలు. వచ్చినవాళ్ళందరూ ముందు దాని ఫోటోయే తీసుకున్నారు, నేనూ తీసుకున్నాను.

నాలుగో రోజు, శుక్రవారం పొద్దున్నే, అమ్మగారింకా కాఫీ తాగుతుండగా కౌముది వచ్చి గుమ్మంలోనే కూలబడింది. డాక్టరు గారికి ఒక మేనత్త ఉంది, పేరు సోమిదేవమ్మ, ఎనభై ఒక్క ఏళ్ళు. చిన్నతనంలోనే భర్త పోయాడు. తల్లిలేని మూడేళ్ళ సూర్యప్రభని ఒళ్ళో వేసుకుని పెంచి, డాక్టరు చదివించిన మనిషి ఆవిడే. ఇల్లు ముస్తాబైన రోజున ఆవిడ హాల్లోకి వచ్చి ఒకసారి నాలుగుపక్కలా చూసి, గదిలోకి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది. అప్పట్నుంచీ బయటికి రాలేదు. మజ్జిగ తప్ప ఏమీ ముట్టడం లేదు. ద్రాక్షారామంలో ఉన్న చెల్లెలి వరస ఆవిడ దగ్గరికి వెళ్ళిపోతాను, ఇంక రాను, కారు మాట్లాడమంది. ఇవాళ పదింటికి వర్జ్యం వస్తుంది, పదకొండున్నర దాటాక వెళ్ళిపోతుంది, అది వెళ్ళగానే నేనూ వెళతాను అంటోంది. ఎందుకమ్మా అంటే చెప్పదు.

"డాక్టరు గారు ఏడుస్తున్నారండీ," అంది కౌముది. "నీ అలంకారమే ఆవిడకి గిట్టలేదు, ఆవిడ గడప దాటితే ఈ ఇల్లు నాకెందుకు, అన్నీ పీకేసి పట్టుకుపో అంటున్నారు. ఆవిడకి గిట్టకపోవడమేంటండీ? ఆవిడ పెట్టెలో సామానే వాడాను. తాళంచెవి ఆవిడే పిలిచి ఇచ్చారు. రంగు చూశాను, ఎత్తు చూశాను, ఏ వేళకి ఏ కిటికీలోంచి వెలుతురొస్తుందో చూశాను. మీరు ఇవేవీ చూడరు. ఒక గిన్నె తీసి ఒకచోట పెడతారు, అది అక్కడే పుట్టినట్టుంటుంది. ఏ వస్తువు ఎక్కడుండాలో మీకెలా తెలుస్తుందండీ? ఇవాళైనా చెప్పండి."

కనకవల్లి గారు గ్లాసు కింద పెట్టి, "పదండి," అన్నారు. నన్ను కూడా రమ్మన్నారు.

మేం వెళ్ళేసరికి ఎనిమిది కావస్తోంది. డాక్టరు గారు క్లినిక్కుకి వెళ్ళకుండా హాల్లోనే కూచుని ఉన్నారు, కళ్ళు వాచి ఉన్నాయి. అమ్మగారు హాలంతా ఒకసారి తిరిగారు. అర ముందు చాలాసేపు నిలబడ్డారు. "బావుంది," అన్నారు. ఆ ఒక్కమాట కోసం కౌముది రెండేళ్ళు కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసింది. పాపం, తీరా అది వచ్చిన వేళకి దానికి సంతోషించే స్థితి లేదు. తరవాత ఆవిడ టీపాయి దగ్గరికి వచ్చి, రాగిగిన్నెలో నీళ్ళూ రేకలూ పక్కనున్న కుండీలో ఒంపేసి, గిన్నెను కిటికీకి ఎదురుగా ఎత్తి పట్టుకున్నారు. తిరగేశారు. అడుగున బొటనవేలితో రాశారు. అక్కడ మినప్పప్పు బద్దంత బుడిపె ఉంది.

"ఇదేవిటే?"

"చిల్లుండేదండీ, సూదిమొనంత. నీళ్ళు పోస్తే కారిపోయేవి. పైడాచారి గారి దగ్గర మాటు వేయించాను. చింతపండు పెట్టి నేనే తోమాను."

"నేనే వేయించమన్నాను," అన్నారు డాక్టరు గారు. ఆవిడ తప్పేం లేదు. రోజుకి పాతికమంది నోళ్ళు తెరిపించి చిల్లు కనిపిస్తే పూడ్చడమే ఆవిడ వృత్తి.

నేనైతే కౌముదికి తిట్లు పడతాయని చెవులు రిక్కించుకుని ఉన్నాను. అమ్మగారు గిన్నె తడి తన చెంగుతో ఒత్తి, దాన్ని పొదివి పట్టుకుని, వెనక గదిలోకి నడిచారు. మేం గుమ్మం దగ్గర ఆగిపోయాం. మంచం పక్కన సర్దిన సంచి, దానిమీద మడతపెట్టిన శాలువా. మంచంమీద గోడవైపు తిరిగి చిన్న మూటంత మనిషి. అమ్మగారు మంచం కింద నేలమీద కూచున్నారు.

"పిన్నిగారూ, నమస్కారం. ఒక్కమాట అడిగి వెళ్ళిపోతాను. ఈ చిల్లు ఎంతుండేది?"

ఆ మూట కదిలింది. సోమిదేవమ్మ గారు నెమ్మదిగా ఇటు తిరిగి, ముందు గిన్నెను చూసి, తరవాత మనిషిని చూశారు.

"నువ్వెవరమ్మా?"

"ఇళ్ళు సర్దుకు బతికేదాన్నండి. మీ ఇల్లు సర్దిన పిల్ల నా దగ్గర నేర్చుకున్నదే. దానికి నేర్పడంలో తప్పు నాదే."

ముసలావిడ లేచి కూచుంది. గిన్నె అందుకుని ఒళ్ళో పెట్టుకుంది. "ఎంతుండేదా? వెంట్రుక దూరేది, దారం దూరేది కాదు. మా ముత్తాత బంగారపు తీగ సాగదీసి, దాని లావుకి సరిపోయేలా వేశాట్ట. ఇది గడియకుడుక తల్లీ. నీళ్ళమీద వదిలితే కింద చిల్లులోంచి ఒక్కో బొట్టే ఎక్కి, గడియకి మునుగుతుంది. మీ లెక్కలో ఇరవై నాలుగు నిమిషాలు. మా నాన్న సిద్ధాంతి. చుట్టుపక్కల పది ఊళ్ళకి ముహూర్తాలు పెట్టేవాడు. గోడగడియారమంటే ఆయనకి నమ్మకం లేదు, దానికి కీ ఇచ్చేవాడు తాగొస్తే కాలం కూడా తాగుతుందా అనేవాడు. దీన్ని కనిపెట్టుకుని కదలకుండా కూచోవాలి. మా అన్నదమ్ములెవరికీ ఆ ఓపిక లేదు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. నువ్వు కూచోవే సోమీ, అన్నాడు."

ఆవిడ గొంతు పలచగా ఉంది గాని తడబడటం లేదు. "పెళ్ళిపందిరి పక్కన గంగాళం, గంగాళంలో ఇది, దీని ముందు నేను. మునిగినప్పుడల్లా ఒక చింతగింజ పక్కన పెట్టేదాన్ని. ఎన్ని పెళ్ళిళ్ళు చేశాననుకున్నావు! పెళ్ళికూతురి మొహం ఒక్కటీ చూళ్ళేదు, దీని మొహమే చూసేదాన్ని. ఊళ్ళో పెద్దలు, జమీందారు తాలూకు మనుషులు, అందరూ నా నోటికేసి చూస్తూ నిలబడేవారు. 'మునిగింది నాన్నా' అని నేనంటే అప్పుడు బాజా మోగేది, అప్పుడు జీలకర్రా బెల్లం పెట్టించేవారు. నేననకపోతే లేదు. ఆడపిల్లని, అందులోనూ ఎనిమిదేళ్ళదాన్ని. నా మాటకి అంత విలువ ఆ తరవాత మళ్ళీ ఎక్కడా రాలేదమ్మా."

డాక్టరు గారు గుమ్మం పట్టుకుని నిలబడ్డారు. "ఇదంతా నాకెప్పుడూ చెప్పలేదేం అత్తయ్యా?"

"నువ్వెప్పుడూ చదువుకుంటూ ఉండేదానివి. మొన్న పెట్టె తాళం ఇచ్చాను కదా, ఇదేంటని అడుగుతారేమో, అప్పుడు చెబుదాం అనుకున్నాను. హాల్లోకి వచ్చి చూస్తే ఇది నిండా నీళ్ళతో కూచునుంది. నిండితే మునగాలి కదా ప్రభా. నిండింది, మునగలేదు. మర్నాడు పొద్దున్న తలుపు సందులోంచి చూశాను, అలాగే ఉంది. అందరూ బావుంది బావుంది అని ఫోటోలు తీసుకుంటుంటే, చెడగొట్టారని ఏం నోరు పెట్టుకుని అనను? ఇల్లు మీది. నాకు మాత్రం ఊపిరాడలేదు. పోతే ఎక్కడికైనా పోదాం అనిపించింది."

కౌముది మొహం చూడలేకపోయాను. ఆరు వారాల్లో అది ఆ ముసలావిడ గుమ్మం ముందునుంచి ఎన్ని వందలసార్లు నడిచి ఉంటుందో. డాక్టరు గారికి ఏ రంగు ఇష్టమో అడిగింది, ఏ పువ్వు ఇష్టమో అడిగింది. అడగనిది ఈ ఒక్కటే.

"ఆచారిగారి కొట్టు ఎన్నింటికి తీస్తారు?" అన్నారు అమ్మగారు.

పైడాచారి గారి కొట్టు బజారు వెనకవీధిలో ఉంది. ముత్తాతల నాటి నుంచీ కంచరిపని. మేం చెప్పింది విని ఆయన గిన్నె చేతిలోకి తీసుకుని, తను వేసిన మాటుకేసి చూశాడు. "పూడ్చమన్నారు, పూడ్చానండి," అన్నాడు. "అరిగి పడిన చిల్లైతే అంచు చిరుగుతాదండి. ఇది గుండ్రంగా ఉంది. అప్పుడే చెయ్యి ఆగింది నాకు. ఎవరో కావాలని వేసింది లాగుందే అనుకున్నాను. అనుకుని కూడా పని కానిచ్చేశాను. మా తాత ఉంటే చెయ్యి విరగ్గొట్టేవోడండి."

"తీస్తే వస్తుందాండీ?" అంది కౌముది.

"తగరం పోతాదండి, వేడికి అదే కరుగుతాది. చిల్లు ఎంతుండేదో అంతే ఉంటాదా అంటే నేను చెప్పలేను. వెంట్రుకవాసి పెద్దదైనా ఇంక ఇది గిన్నేనండి, గడియకుడుక కాదు. మళ్ళీ వేసే మొనగాడు ఇప్పుడెవడూ లేడండి."

ఆయన కొలిమి ముందు కూచుని, గిన్నెను నిప్పుకి దూరంగా తిప్పుతూ తిప్పుతూ కాచాడు. బుడిపె మెత్తబడి మెరిసింది. దూదితో ఒక్క తుడుపు తుడిచాడు. తీగ గాని సూది గాని దాని దరికి రానివ్వలేదు. చల్లారాక గిన్నె పైకెత్తి ఎండకి పట్టాడు. అడుగున ఆవగింజలో సగం కూడా లేని వెలుతురు చుక్క. ముగ్గురం దానికేసి చూస్తూ నిలబడ్డాం. ఆచారిగారు కొట్టుకి తాళం వేసి, "నేనూ వస్తానండి. అది మునిగేదాకా నాకు అన్నం సయించదు," అన్నాడు.

తిరిగి వచ్చేసరికి పది దాటింది. గంగాళంలోని వెదురు చెట్టు గుమ్మం బయట పడి ఉంది. గంగాళం హాలు నడుమకి వచ్చింది, టీపాయి మూలకి పోయింది. నీళ్ళు పల్చటి గుడ్డతో రెండుసార్లు వడగట్టించింది సోమిదేవమ్మ గారు. నలకపడితే చిల్లు మూసుకుపోతుందిట. ఫ్యాను ఆపించింది, ఫోన్లు ఆపించింది. కుర్చీ వేస్తే వద్దని కిందే కూచుంది. గిన్నె అందుకుని ముందు కిటికీ వైపు ఎత్తి చూసింది. అరకేసి చెయ్యి చూపించి, "అదిగో, ఆ నీలంగిన్నె ఇటివ్వమ్మాయీ, గింజలు వేసుకోవడానికి," అంది. కౌముది అరమీంచి ఆ సముద్రపు రంగు మట్టిగిన్నె తీసి ఆవిడ మోకాలి పక్కన పెట్టింది. ఆరు వారాల్లో దానిలో ఎవరైనా ఏమైనా వేయడం అదే మొదలు.

"వర్జ్యం ఎలాగూ వచ్చేసింది," అంది ముసలావిడ. "నాలుగు గడియలుంటుంది. ఇది కొలవగలదో లేదో చూద్దాం. కొలవలేకపోతే నాదారిన నేను పోతాను."

"సరిగ్గా కొలిచిందో లేదో ఎలా తెలుస్తుంది అత్తయ్యా?"

"నా ఊపిరి ఉంది కదే. ఆరు ఊపిర్లు ఒక విఘడియ. అరవై విఘడియలు ఒక గడియ. మూడువందల అరవై ఊపిర్లు. మా నాన్న నాకు ముందు ఊపిరి పీల్చడం నేర్పి, తరవాత దీన్ని చేతికిచ్చాడు."

గిన్నెను కళ్ళకద్దుకుని నీళ్ళమీద వదిలింది. పూవు వదిలినట్టు వదిలింది. బొటనవేలు చూపుడువేలి మొదటి కణుపు మీదికి వెళ్ళింది, లెక్క మొదలైంది.

గిన్నె ముందు కొంచెం ఊగి నిలబడింది. లోపల ఏమీ లేదు. పూడుకుపోయిందేమో అనుకున్నాను. అంతలో అడుగున ఒక నీటిబొట్టు లేచి నిలబడింది. చూస్తుండగా పగిలి పరుచుకుంది. దానివెనక ఇంకొకటి. ఇసకలో చెలమ తీస్తే ఊరినట్టు, తొందరలేకుండా ఊరుతోంది. కాసేపటికి గిన్నె అడుగంతా తడి, ఇంకాసేపటికి దోసెడు నీళ్ళు. ఫ్యాను లేక చెమట కారుతున్నా ఎవరూ తుడుచుకోలేదు. నేను ఆ ముసలావిడ భుజాలకేసి చూశాను. ఎంత సమంగా లేస్తున్నాయో, ఎంత సమంగా దిగుతున్నాయో. కొంతసేపయ్యాక నా ఊపిరి కూడా వాటితోనే లేచి దిగుతోందని తెలిసింది. పక్కకి చూస్తే డాక్టరు గారిదీ అంతే, ఆచారిగారిదీ అంతే. ఆ గదిలో ఆరుగురం ఒకే ఊపిరి తీస్తున్నాం. నేను గుళ్ళకీ గోపురాలకీ పెద్దగా వెళ్ళేదాన్ని కాదు. అలాంటి దాన్ని, ఎందుకో నాకు తెలియకుండానే రెండు చేతులూ జోడించాను.

నీళ్ళు ఎక్కేకొద్దీ గిన్నె దిగుతోంది. అంచు నీళ్ళకి అంగుళం ఎత్తున ఉంది, అర అంగుళం, తరవాత గోరంత. లోపలి నీళ్ళూ బయటి నీళ్ళూ ఒక్కమట్టమయ్యాయి. వాటి మధ్య దారమంత రాగిగీత మాత్రం గుండ్రంగా మిగిలింది. నీళ్ళు ఆ గీత చుట్టూ ఉబ్బి ఆగాయి. ఇంత లావు కాలం వచ్చి ఆ గీతమీద నిలబడినట్టు అనిపించింది నాకు. కౌముది నా మణికట్టు పట్టుకుంది, దాని వేళ్ళు చల్లగా ఉన్నాయి. అప్పుడు ఆ గీత కూడా పోయింది. చప్పుడు లేదు, బుడగ లేదు. నీళ్ళు మూసుకున్నాయి. ఒక్క క్షణం తరవాత గంగాళం అడుగునుంచి ఠంగుమని మోగింది.

"మునిగింది నాన్నా!" అంది సోమిదేవమ్మ గారు.

అది ఎనభై ఒక్క ఏళ్ళ గొంతు కాదు. డాక్టరు గారు చటుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. పైడాచారి గారు ఆ వయసులో నేలమీద సాగిలపడి, ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియక గంగాళానికి పెట్టాడు.

ముసలావిడ ఇంకా వేళ్ళకేసే చూసుకుంటోంది. "మూడువందల అరవై ఒకటి," అంది. కౌముది మొహం పాలిపోయింది. "ఒకటి ఎక్కువైంది. మధ్యలో నాకే తడబడింది లే, నడుమ మా నాన్న గుర్తొచ్చాడు. దానిది తప్పులేదు." చింతగింజ ఒకటి తీసి నీలంగిన్నెలో వేసింది. మట్టిగిన్నె చిన్నగా పలికింది. ఆవిడ తల పక్కకి వంచి ఆ పలుకు విని, "ఇదీ బానే ఉందే," అంది. నీళ్ళలోకి మోచేతిదాకా చెయ్యి పెట్టి, గడియకుడుక తీసి, నీళ్ళు ఒంపి, మళ్ళీ వదిలింది.

రెండో గడియకి డాక్టరు గారు మజ్జిగన్నం కలిపి తెచ్చి ముద్దలు చేసి అందించారు. గిన్నెమీదినుంచి కళ్ళు తిప్పకుండానే సోమిదేవమ్మ గారు అన్నీ తినేసింది. మూడో గడియకి మేనకోడల్ని పక్కన కూచోబెట్టుకుని ఊపిరి లెక్క నేర్పడం మొదలుపెట్టింది. "డాక్టరువి కదే, ఆ మాత్రం ఊపిరి తీయడం రాదూ!" అని మందలించింది కూడాను. నాలుగోది సగంలో ఉండగా కారు డ్రైవరు గుమ్మంలోకి వచ్చి చెప్పులు విప్పాడు.

"వర్జ్యం వెళ్ళిపోయే టైమైందండి, ఆయ్. సంచి కార్లో పెట్టేమంటారాండీ?"

"ఉండవయ్యా," అంది సోమిదేవమ్మ గారు. "ఇది నీళ్ళమీద ఉండగా లేవకూడదు."

డ్రైవరు కాసేపు ఉన్నాడు. గిన్నె మునిగింది, ఠంగుమంది, గింజ పడింది. అతను సంచి కోసం ఒక అడుగు వేశాడు. ముసలావిడ గిన్నె తీసి, నీళ్ళు ఒంపి, మళ్ళీ వదిలింది. అతను ఆ గిన్నెకేసి, ఆవిడకేసి, డాక్టరు గారికేసి చూసి, "ఇది మునిగేక లెగుస్తారాండీ?" అన్నాడు.

"మునగ్గానే మళ్ళీ వదలాలి కదయ్యా," అంది ఆవిడ, అంత తెలివితక్కువ ప్రశ్న వినలేదన్నట్టు. డాక్టరు గారు వచ్చే నవ్వునూ ఏడుపునూ కొంగులో కుక్కుకుంటూ అతన్ని పంపించెయ్యమని నాకు సైగ చేశారు.

నేను కారు పంపించి తిరిగి వచ్చేసరికి హాలు వేరేగా ఉంది. ఏమీ కదిలించలేదు, ఏమీ తీయలేదు. అరమీది పాతవాటికీ కొత్తవాటికీ, గోడమీద ఆ అంకెల్లేని గడియారానికీ, అన్నిటికీ ఆ గంగాళం చుట్టూ తమతమ చోట్లు దొరికినట్టున్నాయి. కౌముది మాత్రం ఆ మూల నిలబడి, టీపాయికేసీ అరకేసీ కిటికీకేసీ మార్చిమార్చి చూస్తోంది. అలవాటైన కళ్ళు కదా. నెమ్మదిగా కనకవల్లి గారి పక్కకి చేరి, గొంతు తగ్గించి అడిగింది.

"అమ్మగారూ, ఇప్పుడు ఈ గిన్నెను ఎక్కడ పెట్టమంటారండీ?"

"పెట్టేశారు కదే," అన్నారు ఆవిడ. "ఆవిడకి వెలుతురు అడ్డమొస్తున్నాం, ఇవతలికి రా."